ముప్పై రెండు డిగ్రీలు

మా తమ్ముడు జీవానందానికి పిచ్చి పట్టిందని నర్సీపట్నంలో చాలామంది అనుకున్నారు. ఆరేళ్లు కష్టపడి తెచ్చుకున్న డాక్టరేటును వెనక్కి తీసుకోండి మహాప్రభో అని యూనివర్సిటీకి ఉత్తరాలు రాసేవాణ్ణి పిచ్చివాడనక మరేమంటారు? పిచ్చీ లేదు, గిచ్చీ లేదు. వాడి మనసు శుభ్రంగానే ఉంది. బాగోలేనిది నాది. జరిగినదాంట్లో నా పాపం సగానికి పైనే ఉందని ఊళ్లో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. తెలిస్తే తెలియనీ అనుకునే ఇది రాస్తున్నాను.

నా పేరు కరుణకుమారి. మిషను ఎలిమెంటరీ స్కూల్లో ముప్పై ఏళ్లుగా టీచర్ని. మా నాన్న తోమా మిషను ఆసుపత్రిలో కట్లు కట్టేవాడు. నాన్నా అమ్మా ఒకే ఏడాది పోయారు. అప్పుడు నాకు పంతొమ్మిది, జీవాకు ఏడు. వాణ్ణి నేనే పెంచాను. పెళ్లి చేసుకోవడానికి తీరిక దొరకలేదని నేను చెబుతుంటాను. నా నోటికి జడిసి ఎవరూ రాలేదని మా చర్చి సంఘంలో ఆడవాళ్లు చెబుతుంటారు. రెండింట్లోనూ కొంత నిజముంది.

జీవా ఎమ్మెస్సీ అయ్యాక ఊళ్లో కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటరుగా చేరాడు. పిల్లలు పగలగొట్టిన గాజు గొట్టాల లెక్క చూసుకునే ఉద్యోగం. డాక్టరేటు ఉంటే లెక్చరర్ని చేస్తామన్నారు. అందుకని పంతొమ్మిదివందల డెబ్భై ఆరులో పట్నంలోని యూనివర్సిటీలో పార్ట్‌టైముగా పరిశోధనకు చేరాడు. పని ఇక్కడి లేబులోనే చేసుకుని, నెలకోసారి బస్సెక్కి వెళ్లి గైడుగారికి చూపించి వచ్చేవాడు.

వాడు ఎంచుకున్నది అమ్మోనియం లవణాలు. అమ్మోనియం అంటే గొలుగొండ రైతుకు ఎరువు, గిన్నెలకు కళాయి వేసేవాడికి నవాసాగరం. మా వాడికి మాత్రం అదొక ప్రాణమున్న వస్తువు. ఒకసారి స్కూలు ఆవరణలో నా చెప్పుకు గుచ్చుకున్న పల్లేరుకాయను పీకి అరచేతిలో పెట్టుకుని చూపించాడు.

"ఇదిగో అక్కా, అమ్మోనియం అంటే ఇలగే ఉంటాది. నడుమ నైట్రోజను, చుట్టూ నాలుగు హైడ్రోజన్లు ముళ్లలాగ. ఎలగ పడేసినా ఒక ముల్లు పైకే సూస్తాది."

నీళ్లలో కరిగితే ఆ కాయ నీటి కణాల మధ్య గిరగిరా తిరుగుతుందట. గట్టి ఉప్పు రవ్వలో బిగించి కూర్చోబెట్టినా ఊరుకోదట. కూర్చున్న చోటే ఊగుతుంది, వేడి తగిలితే అటూ ఇటూ పొర్లుతుంది, ఇంకా వేడెక్కితే రవ్వలో పేర్చిన కణాల వరసలన్నీ ఒక్కసారిగా మారిపోతాయి. ఏ వేడి దగ్గర మారతాయి, ఎందుకు మారతాయి అన్నదే వాడి చదువు. "దీనివల్ల ఎవరికిరా లాభం?" అని అడిగితే "తెలుసుకున్నోడికి" అనేవాడు. ఆ జవాబు నాకు పొగరుగా వినిపించేది. చెవి పట్టుకుని మెలిపెట్టాలనిపించేది.

మొదటి నాలుగేళ్లూ ద్రావణాల పని. రకరకాల అమ్మోనియం లవణాలను నీళ్లలో కలిపి, ఎంత కలిపితే ఎంత కరెంటు పారుతుందో కొలవడం. అది ఏ గొడవా లేకుండా సాగింది. గైడుగారు మెచ్చుకున్నారు కూడా. తర్వాత గట్టి లవణాల దగ్గరికి వచ్చాడు. అక్కడే మొదలైంది మా ఖర్మ.

దానికి పెద్ద యంత్రాలేవీ లేవు. సన్నని మెడ ఉన్న గాజుబుడ్డిలో అమ్మోనియం నైట్రేట్ రవ్వలు పోసి, పైన తెల్లని నూనె నింపి, ఆ బుడ్డిని నీళ్ల పాత్రలో దించి, కిందినుంచి కిరసనాయిలు స్టవ్వుతో నెమ్మదిగా వేడి చెయ్యాలి. రవ్వ లోపల వరసలు మారిన క్షణాన అది ఉబ్బుతుంది. మెడలో నూనె గబుక్కున పైకి లేస్తుంది. అప్పుడు నీళ్ల వేడి ఎంతో రాసుకోవాలి. పుస్తకాలన్నిటిలోనూ ఆ మార్పు ముప్పై రెండు డిగ్రీల దగ్గర అని ఉంది.

ఒక్కడి వల్ల అయ్యే పని కాదది. థర్మామీటరు మీద ఒకరి కన్నుండాలి, నూనె మీద ఇంకొకరిది. ఆ రెండో కన్ను సోమలమ్మది. చింతపల్లికి ఎగువన ఎక్కడో కొండ ఊరి మనిషి. మొగుడు పోయాక, చూపు ఆనని తల్లి గున్నమ్మను తీసుకుని కిందికి దిగి, కాలేజీలో నీళ్లు మొయ్యడానికీ లేబు ఊడవడానికీ రోజుకూలీగా కుదిరింది. ముప్పై దాటి ఉంటాయి. చదువు లేదు, అంకెలు రావు. నిప్పు సంగతి మాత్రం ఆమెకు తెలిసినట్టు ఎమ్మెస్సీలకు కూడా తెలియదు. ఆ స్టవ్వు మంటను పెంచకుండా తగ్గించకుండా గంటసేపు నిలబెట్టేది. మధ్యమధ్య మోచెయ్యి ముంచి నీళ్ల వేడి చూసేది, పసిపిల్లలకు స్నానం పోసేటప్పుడు చూస్తారే, అలాగ.

మొదటిసారి ముప్పై రెండు వచ్చింది. నూనె కదల్లేదు. ముప్పై ఐదు, నలభై. కదల్లేదు. యాభై దాటాక సోమలమ్మ కేక వేసింది. "లేసింది బాబూ!" చూస్తే యాభై ఒకటి.

రవ్వ బాగా లేదనుకుని కొత్తది చేశాడు. మన ఊరి వానాకాలంలో అమ్మోనియం నైట్రేట్ సీసాలోనే జావగారిపోతుంది. ఆ భయంతో, తేమ లాగేసే మందు వేసిన గాజు పాత్రలో మూసి, నెలేసి రోజులు ఆరబెట్టాడు. మళ్లీ యాభై ఒకటి. థర్మామీటరు మార్చాడు. యాభై ఒకటి. అలా పదకొండుసార్లు. పదకొండుసార్లూ ఆ అంకెకు అర డిగ్రీ అటో ఇటో.

ఎనభై రెండు ఏప్రిల్లో ఆ కాగితాలు పట్టుకుని గైడుగారి దగ్గరికి వెళ్లాడు. ఆయన చెడ్డవాడు కాదు. జూన్‌లో రిటైరవుతున్నాడు, అంతే. ఈ లోపల థీసిస్ ఇవ్వకపోతే కొత్త గైడును వెతుక్కోవాలి, మళ్లీ రెండు మూడేళ్లు. "లోకమంతా ముప్పై రెండంటుంటే నీ నర్సీపట్నం ఉప్పొక్కటే యాభై ఒకటంటుందా? ఎక్కడో తప్పు చేశావు. సరిచేసి పట్రా" అని పంపించాడట.

సరిచెయ్యడానికి ఏం తప్పు చేశాడో వాడికే తెలియదు. మే నెలంతా తిండి సరిగ్గా తినలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. ఒక మధ్యాహ్నం వంటింటి గుమ్మంలో తెల్లకాగితం ముందేసుకుని కూర్చుని కంటనీరు పెట్టుకున్నాడు. ముప్పై రెండేళ్లవాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చేతిలో గరిటె అలాగే ఉంది.

"ఏటిరా ఈ ఏడుపు? ఆ పెద్దాయన సెప్పిన అంకె రాసీరాదా? రవ్వ ఎప్పుడు ఉబ్బితే ఎవడిక్కావాలి? బేగి రాసీసి పారీ."

"నేను సూసింది అది కాదక్కా."

"నువ్వు సూసిందాన్ని నువ్వే నమ్మట్లేదు కదరా. పుస్తకాలు రాసినోళ్లందరికన్నా నీకూ ఆ సోమలమ్మకీ ఎక్కువ తెలుసా?"

ఆ మాటతో వాడి తల దిగిపోయింది. అరగంటలో ఆరు పట్టికలు రాశాడు. ఇరవై నాలుగు డిగ్రీల దగ్గర మొదలు, ముప్పై రెండు దగ్గర నూనె లేవడం. ముప్పై రెండూ పాయింటు ఒకటి, ముప్పై ఒకటీ పాయింటు తొమ్మిది, అలా నిజంలా కనిపించేట్టు. వాడి రాత టైపిస్టుకు అర్థం కాదని ఆ పట్టికలను నా గుండ్రటి టీచరు రాతలో నేనే ఎత్తి రాశాను. తేదీలు కూడా నేనే వేశాను. క్యాలెండరు దగ్గర పెట్టుకుని మే పది నుంచి మొదలెట్టి, నడుమ పదహారో తేదీ వదిలేశాను. ఆ రోజు ఆదివారం. అబద్ధాన్నైనా ప్రభువు దినాన రాయకూడదనే భక్తి నాది. నవ్వొస్తే నవ్వండి.

ఎనభై మూడు మార్చిలో వైవా జరిగింది. ఎక్కడో ఉత్తరాన చలి ఊళ్లనుంచి వచ్చిన పరీక్షకుడు ద్రావణాల గురించి గంటసేపు అడిగి, ఆ పట్టికల పేజీ తిప్పేశాడట. డాక్టరేటు వచ్చింది. కాలేజీలో దండ వేశారు, లెక్చరర్ని చేశారు. చర్చిలో లేచి నిలబెట్టి చప్పట్లు కొట్టారు. నేను కొత్త చీర కట్టుకుని ఆ చప్పట్లన్నీ నాకే అన్నట్టు కూర్చున్నాను.

ఆ మే నెలలో ఒక రోజు, ఎండ నడినెత్తిన ఉండగా, జీవా థీసిస్ పుస్తకం చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది.

"అక్కా, ఈ తేదీలు సూడు."

"సూశాను. నేనేసినవే కదా."

"మే పదకొండు. మధ్యాహ్నం రెండు గంటలు. నీళ్ల వేడి మొదట్లో ఇరవై నాలుగు." ఒక్కో మాటా పిల్లలకు డిక్టేషను చెప్పినట్టు చెప్పాడు. "ఇప్పుడే లేబులోంచి వస్తన్నాను. గోడ మీద థర్మామీటరు ముప్పై తొమ్మిది. బకెట్లో నీళ్లు ముప్పై నాలుగు. ఐసు ముక్క కూడా వాడకుండా ఇరవై నాలుగు ఎక్కణ్ణుంచి తెచ్చామక్కా? మే నెలలో ఇక్కడ ముప్పై రెండు కావాలంటే వేడి సెయ్యక్కర్లేదు, సల్లార్చాలి."

నర్సీపట్నంలో ఒక్క వేసవి గడిపినవాడెవడైనా పట్టుకోగల తప్పది. గైడుగారు అంకె ఒక్కటే చూసుకున్నాడు, పరీక్షకుడికి మన ఎండ తెలియదు.

"వాళ్లు పట్టుకుంటారనే ఎదురుసూశానక్కా" అన్నాడు. "వైవా రోజంతా ఎదురుసూశాను. ఎవరూ అడగలేదు."

"దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. కాళ్లు కడుక్కుని అన్నానికి రా" అన్నాను. అంత చులకనగా అన్నందుకు ఇప్పుడు నా నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

మా సంఘంలో నెలలో మొదటి ఆదివారం ప్రభు భోజనం. రొట్టె ముక్కల పళ్లెం, ద్రాక్షరసం చిన్న గ్లాసులున్న పళ్లెం చేతినుంచి చేతికి వరసల వెంట వస్తాయి. మనసులో తప్పు పెట్టుకున్నవాడు తీసుకోకూడదు, పక్కవాడికి అందించెయ్యాలి. ఎవరు తీసుకున్నారో ఎవరు వదిలారో వరసంతా చూస్తుంది. చూడనట్టు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తూ మరీ చూస్తుంది. జూన్ మొదటి ఆదివారం జీవా పళ్లెం వదిలేశాడు. జూలైలోనూ వదిలాడు. ఆడవాళ్ల వైపు చాప మీద నా పక్కన కూర్చునే ప్రేమావతి ఆగస్టులో నా మోచెయ్యి పొడిచి, "ఎవర్తె వదినా?" అంది.

అదీ మా వాళ్ల సంగతి. పళ్లెం వదిలినవాణ్ణి ఏం చేశావని అడగరు. ఎవరని అడుగుతారు. పెళ్లికాని మగవాడికి వేరే పాపం ఉంటుందని మావాళ్ల ఊహకే అందదు. పైగా జీవా సెలవు రోజుల్లో కూడా లేబు తెరుస్తున్నాడు. లోపల వాడూ సోమలమ్మా ఇద్దరే. ఇంకేం కావాలి? నోట్లో నువ్వుగింజ నానని ప్రేమావతి సెప్టెంబరుకల్లా ఊరంతా చాటింది.

వాళ్లు లేబులో చేస్తున్నదేమిటో నాకు తెలుసు. అబద్ధం రాసిన ప్రయోగాన్ని నిజంగా మళ్లీ చేస్తున్నారు. వానలు పట్టిన రోజుల్లో జీవా సీసా మూత తీసి ఒక రాత్రి వదిలేసి, కొంచెం చెమ్మగిల్లిన రవ్వతో చేశాడు. బకెట్లో నీళ్లు ఇరవై ఆరు. ముప్పై రెండు దగ్గర సోమలమ్మ కేక వేసింది. బాగా ఆరబెట్టి చేశాడు. యాభై ఒకటి. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చాలా నెలల తర్వాత మొదటిసారి నాకు చదువు చెప్పాడు.

"తేమ ఉంటే రవ్వల మీద కంటికి కనపడనంత పల్సగా నీళ్ల పొర ఉంటాదక్కా. పాత వరసలు అందులో కరుగుతాయి, కొత్త వరసలు అందులోంచే పుడతాయి. అందుకే ముప్పై రెండుకే మారిపోతాది. తేమ లేకపోతే ఆ దారి మూసుకుపోతాది. యాభై దాటిందాకా మారదు. పుస్తకాలోళ్ల రవ్వలో చెమ్ముంది. నాదాంట్లో లేదు. ఇద్దరిదీ నిజమే." మళ్లీ తనే, "నేను రాసిందొక్కటే అబద్ధం" అన్నాడు.

తర్వాత పట్నం లైబ్రరీలో ఇదంతా వేరెవరో ఎప్పుడో అచ్చువేసిన కాగితం దొరికిందట. వాడు చూసింది కొత్తదేమీ కాదు. నిజం మాత్రమే. ఉన్నదున్నట్టు రాసి ఉంటే గైడుగారికి చూపించడానికి ఆ కాగితమొక్కటి చాలేది.

"అయితే ఇప్పుడేటి సేస్తావురా?" అని అడిగాను.

"యూనివర్సిటీకి రాసీస్తాను."

"డిగ్రీ పోతాది. ఉజ్జోగం పోతాది. నీ ఇష్టం. నా శవం మీదనుంచి ఎల్లి పోస్టు సెయ్యి."

వాడు రాయలేదు. పళ్లెమూ తీసుకోలేదు. మింగలేక, కక్కలేక అలా నెలలు గడిపాడు. నేను మాత్రం ప్రతి మొదటి ఆదివారం తీసుకుంటూనే ఉన్నాను.

ఎనభై నాలుగు జనవరిలో మా పాస్టరు క్రీస్తురాజు అయ్యగారు ఒక సాయంత్రం ఇంటికొచ్చారు. జీవా లేడు. నెమ్మదస్తుడాయన. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టారు.

"కరుణమ్మా, పెద్దలు కూర్సుని మాటాడుకున్నాం. మన జీవా మంచోడు. ఆ కొండమనిషిని అక్కణ్ణుంచి తప్పిస్తే దారికొస్తాడని అందరి మాటా. ప్రిన్సిపాలుగారు నాకు తెలుసు. ఒక మాట సెప్తే అయిపోతాది. అసలు సంగతి నీకేమైనా తెలుసా?"

ఇక్కడ నేను ఒక్క వాక్యం చెప్పి ఉండాల్సింది. ఆడదాని గొడవ కాదండీ, అంకె గొడవ, అంటే చాలు. చెబితే థీసిస్ సంగతి బయటపడుతుంది. డిగ్రీ పోతుంది. టైపిస్టుకిచ్చిన పట్టికల్లో ఉన్నది నా చేతిరాత. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను.

"నాకేటీ తెలీదండీ" అన్నాను. తర్వాత, అడక్కుండానే, "మీకెలా మంచిదనిపిస్తే అలగ సెయ్యండి" అన్నాను.

నాలుగో రోజు పొద్దున్న సోమలమ్మ మా ఇంటికొచ్చింది. అరుగు కిందే నిలబడింది.

"టీచరమ్మా, ఇయాల్నుంచి రావొద్దన్నారు. ఎందుకు బాబూ అని అడిగితే ప్రిన్సిపాలు బాబు మొకం తిప్పీసుకున్నాడు. జవాను సెప్పినాడు, మీ గుడోళ్లు నా మీద మాట ఏసినారంట. నానేటి సేసినానమ్మా? నీల్లు మోసినాను. మంట సూసినాను. నూనె లేస్తే లేసిందని సెప్పినాను. మీరొక్క మాట సెప్పండమ్మా. మీరు సెప్తే ఇంటారు."

నేను స్కూలుకు తయారవుతూ జడ అల్లుకుంటున్నాను. ఆమె వైపు చూడకుండానే, "నా సేతుల్లో ఏటుంది సోమలమ్మా" అన్నాను. ఆమె వెళ్లిపోయింది. ఆ వారంలోనే తల్లిని తీసుకుని కొండెక్కేసిందని తెలిసింది.

ఆమె మా ఇంటికొచ్చిన మర్నాడు లేబులో దేవుడమ్మ అనే కొత్తమనిషి కడవతో కనిపించేసరికి జీవా ప్రిన్సిపాలు గదికి వెళ్లాడు. అక్కణ్ణుంచి సరాసరి నా స్కూలుకొచ్చాడు. మూడో తరగతి పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. గుమ్మంలోకి పిలిచి, చాలా నెమ్మదిగా అడిగాడు.

"నేను పళ్లెం ఎందుకు వదుల్తన్నానో నీకు తెలుసు కదక్కా?"

"తెలుసు."

"అయ్యగారు అడిగితే తెలీదన్నావంట."

"నీకోసమేరా" అన్నాను. "నీ డిగ్రీ..."

వాడు అరిచి ఉంటే బాగుండేది. నా వైపు అలా కాసేపు చూసి వెళ్లిపోయాడు. పుట్టినప్పటినుంచి నన్ను అలా చూడలేదు. ఆ రోజు వెనక నా తరగతి పిల్లలు పన్నెండో ఎక్కం పూర్తిచేసి ఊరుకున్నారు, నేను గుమ్మంలోనే ఉన్నాను.

ఫిబ్రవరి మొదటి ఆదివారం. అయ్యగారు పళ్లెం ఎత్తబోతుంటే జీవా లేచి నిలబడ్డాడు. ప్రేమావతి చాప మీద ముందుకు జరిగింది.

"నేను పళ్లెం వదిలింది ఏ ఆడమనిషి వల్లా కాదు" అన్నాడు. "నా థీసిస్‌లో పట్టికలు అబద్ధం. యాభై ఒకటి సూసి ముప్పై రెండు రాశాను. సోమలమ్మ ఏ తప్పూ సెయ్యలేదు. నేను సూసిన నిజానికి సాక్షి ఆవిడొక్కతే. నేను ఇన్నాళ్లూ నోరు మూసుకున్నందుకు ఆవిడ కూడు పోయింది."

మగవాళ్ల వైపునుంచి ఎవరో పెద్దాయన, "ఓసోస్, ఇంతేనా బాబూ! ఏదో ఉప్పు కత!" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. వెటకారం కాదది. గండం గడిచినవాళ్ల నవ్వు. అయ్యగారి ముఖం వెలిగిపోయింది. దేవునికి స్తోత్రమని, తానే పళ్లెం పట్టుకుని జీవా దగ్గరికి నడిచొచ్చి, "తీసుకో బాబూ, అంతా అయిపోయింది" అన్నారు.

"నేను తప్పు సేసింది మీకు కాదండీ, అయ్యగారూ" అన్నాడు జీవా. "మీరెలా క్షమిస్తారు?" అని కూర్చున్నాడు.

పట్టికలు ఎవరు ఎత్తి రాశారో, ఎవరు రాయమన్నారో, అయ్యగారి ముందు తెలీదన్నది ఎవరో వాడు చెప్పలేదు. నేను లేస్తానని చూశాడో లేదో తెలియదు. నేను లేవలేదు. పళ్లెం మా వైపుకు వచ్చింది. నేను తీసుకున్నాను.

మర్నాడే వాడు యూనివర్సిటీకి రాశాడు. రెండు నెలలకు మళ్లీ రాశాడు, తర్వాత ఇంకోసారి. కాలేజీలో తనను మళ్లీ డిమాన్‌స్ట్రేటర్ని చెయ్యమని అడిగాడు. కిందికి దించడానికి రూల్సు ఒప్పుకోవన్నారు. గది తలుపు మీద పేరుకు ముందున్న 'డా.' ను మాత్రం తనే బ్లేడుతో గీకేశాడు. ఇప్పటికీ ఆ తలుపు మీద జీవానందం పేరుకు ముందు తెల్లగా గీకిన మచ్చ ఉంటుంది. పిల్లలు దాన్ని చూసి నవ్వుకుంటారు.

సోమలమ్మ దగ్గరికి వెంటనే వెళ్దామంటే వాడే వద్దన్నాడు. "ఉత్త సేతుల్తో ఎల్లి ఏటి సెప్తామక్కా? యూనివర్సిటీ జవాబు రానీ. నిజం నిలబెట్టాక ఎల్దాం." జవాబు ఎనభై ఐదు మార్చిలో వచ్చింది. రెండు వాక్యాలు. మీ ఉత్తరాలు అందాయి, ఫైలులో ఉంచడమైనది, డిగ్రీ ప్రదానం ముగిసినందున ఈ దశలో చేయదగినది లేదు. అందరూ వాణ్ణి క్షమించేశారు. చర్చి క్షమించింది, యూనివర్సిటీ క్షమించింది, కాలేజీ రూల్సు క్షమించాయి. వాడి మీద ఈగ వాలలేదు.

అప్పుడు వెళ్లాం, ఇద్దరం. చింతపల్లిదాకా బస్సు, అక్కణ్ణుంచి అడుగుతూ అడుగుతూ ఒక పూట నడక. వెళ్లేముందు జీవా ప్రిన్సిపాలును కలిసి సోమలమ్మను మళ్లీ తీసుకోవడానికి ఒప్పించాడు. ఆ ఒక్క మాటే ఆసరాగా పట్టుకుని వెళ్లాం.

సోమలమ్మ ఇంటి ముందు నేల మీద కూర్చుని విస్తళ్లకు అడ్డాకులు కుడుతోంది. చిక్కిపోయింది. మమ్మల్ని చూసి లేవబోయి, మళ్లీ కూర్చుంది. గున్నమ్మ ఏదని అడిగాను. పోయిందని, కిందటి వానల్లో జ్వరమొచ్చి పోయిందని చెప్పింది. మాకు చాప వేసి, ఆకులు కుడుతూనే జీవా చెప్పినదంతా విన్నది. ముప్పై రెండు, యాభై ఒకటి, తేమ, థీసిస్, చర్చి, ఉత్తరాలు. అంతా అయ్యాక అడిగింది.

"అంటే బాబూ, నువ్వు తప్పంకె రాసినావు. అంతేనా?"

"అంతే."

"దానికి నీ ఉజ్జోగం పోనేదు కదా. నాదెందుకు పోయింది?"

ఇక నేను చెప్పక తప్పలేదు. ఎవరికీ చెప్పని మాట ఆ కొండ మీద చెప్పాను. "నావల్ల సోమలమ్మా. రాయమన్నది నేను. అయ్యగారు అడిగితే అంతా తెలిసీ తెలీదన్నది నేను."

"నాకెరికే టీచరమ్మా" అంది. "ఆ పొద్దు మీ ఇంటికొచ్చినప్పుడే ఎరికయ్యింది. మీరు నా మొకం సూడనేదు."

తిట్టినా బాగుండేది. జీవా తాను తెచ్చిన ఆ ఒక్క మాటా బయటపెట్టాడు. "ప్రిన్సిపాలుగారు ఒప్పుకున్నారు. రేపే వచ్చి సేరమన్నారు. రా సోమలమ్మా, ఎల్దాం."

ఆమె చేతిలో ఆకు ఆగింది.

"ఇప్పుడు నీల్లు ఎవులు మోస్తన్నారు?"

"దేవుడమ్మని, ఒకావిడ."

"మొగుడున్నాడేటి?"

"లేడు" అన్నాడు జీవా. "ఇద్దరు పిల్లలు."

"మరి నాను వస్తే ఆయమ్మనేటి సేస్తారు?"

మాకు ఆ ఆలోచనే రాలేదు. పొద్దుటినుంచి అంత దూరం నడిచి వచ్చాం, ఏడాదిగా దీని గురించే మాట్లాడుకున్నాం, ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు.

"తియ్యాలంటే ఏదో ఒకటి సెప్పాలి కదా" అంది సోమలమ్మ. ఆమె గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతోంది. "ఆయమ్మ మీద ఏటని సెప్తారు బాబూ?"

జీవా నా వైపు చూశాడు. నేను నేల చూశాను. ఆమె ఇంకో ఆకు తీసుకుంది.